కాగితాలు – ఒక మూట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మ్యూజియాలు, స్మారక మందిరాలు, ఆర్కైవ్స్ చూసుకుంటున్న అధికారులకు, ట్రస్టుల పెద్దలకు,

నమస్కారం.

మా తాతయ్య కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరి బడిపంతులు. ఆ ఊరి గ్రంథాలయం తాళంచెవి ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన మొలతాడుకే వేలాడింది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1998లో, మా నాన్న, బాబాయి కలిసి ఆయన సామాను ఒక స్మారక మ్యూజియానికి ఇచ్చారు. ఎవరి పేరున ఆ మ్యూజియం కట్టారో ఆయన తాతయ్యకు స్నేహితుడు. స్నేహితుల వస్తువులు ఒకచోట ఉంటే బాగుంటుందని మావాళ్లు అనుకున్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ ఉత్తరం వాళ్లొక్కళ్ల మీద ఫిర్యాదు అయిపోతుంది, మిగతావాళ్లంతా ‘మన గురించి కాదులే’ అని మడిచి పక్కన పెట్టేస్తారు.

2019లో నేను రిటైరయ్యాక చూద్దామని వెళ్లాను. తాతయ్య కళ్లజోడు అద్దాల బీరువాలో ఉంది. కింద చిన్న అట్టముక్క మీద పేరు, ఊరు, ముచ్చటైన అక్షరాలు. పక్కన పెన్ను, చేతికర్ర. కాసేపు అక్కడే నిలబడిపోయాను. తర్వాత డైరీలు చూడొచ్చా అని అడిగితే, అక్కడి ఉద్యోగి పాపం వెతికి వెతికి ఒక రిజిస్టర్ తెచ్చాడు. అందులో మావాళ్లు ఇచ్చిన రోజున రాసిన వరుసలు ఉన్నాయి: కళ్లజోడు – 1. ఫౌంటెన్ పెన్ను – 1. చేతికర్ర – 1. కాగితాలు – ఒక మూట.

ఆ నాలుగో వరుస గురించే ఈ ఉత్తరం.

ఆ మూటలో ఏముందో నాకు తెలుసు, చిన్నప్పుడు చూశాను కాబట్టి. పదకొండు డైరీలు. గ్రంథాలయం పద్దు పుస్తకాలు నాలుగు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారు, ఎప్పుడు తిరిగిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఆయన దస్తూరీలో. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా తిరిగారు, 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. ఇవి మనం వ్యాసాల్లో చదువుకుంటాం. కానీ ఆ పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి నిజంగా చదివింది ఎవరు? ఏ పేటవాళ్లు? ఆడవాళ్లు ఎంతమంది, ఎవరి పేరు మీద తెప్పించుకునేవాళ్లు? దానికి జవాబు ఏ వ్యాసంలోనూ దొరకదు, అలాంటి పద్దు పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ నాలుగు పుస్తకాలూ కళ్లజోడు ముందు లెక్కలోకి రాలేదు.

ఇంకా ఒక తీగ. ఇప్పటి పిల్లలకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వెనకటి ఇళ్లలో గోడ మేకుకి ఒక ఇనుప తీగ వేలాడేది, పైన కొక్కెం, అడుగున చెక్క బిళ్ల. ఉత్తరం వస్తే చదవడం, జవాబు రాయడం, తీగకు గుచ్చేయడం. శిస్తు రసీదూ దానికే, అల్లుడి ఉత్తరమూ దానికే. అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైన ఉన్నది నిన్న వచ్చింది. తారీఖు వేయని ఉత్తరం ఎప్పటిదో తెలియాలంటే దాని కింద ఏముందో, మీద ఏముందో చూస్తే చాలు.

తాతయ్య తీగలో ఒకచోట నాలుగైదు ఓదార్పు ఉత్తరాలు వరసగా ఉండేవి. మాకొక మేనత్త ఉండేదట, ఏడేళ్లప్పుడు టైఫాయిడ్‌తో పోయింది. చావు కబురు కార్డులను చదివి చించేసేవాళ్లే కానీ ఇంట్లో ఉంచేవాళ్లు కాదు. అందుకని ఆ పిల్ల చనిపోయిందని చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఆ వరసలో, ఆ చోట, ఆ ఓదార్పు ఉత్తరాలు ఉండటమే దాని ఆనవాలు. మా నాన్న వాటిని వేళ్లతో తడిమి ‘ఇదిగో ఇక్కడ’ అనేవాడు.

మ్యూజియం మెట్ల కింద రేకు పెట్టె దొరికింది. తెరిచి చూస్తే తీగ లేదు. ఉత్తరాలు మూడు కట్టలుగా ఉన్నాయి. కార్డులన్నీ ఒకటి, ఇన్‌లాండ్‌లు ఒకటి, కవర్లు ఒకటి. ‘నీట్‌గా సర్దాను మేడమ్’ అన్నాడు ఆ ఉద్యోగి. కవర్ల మీది స్టాంపులు ఎవరో కత్తిరించుకుపోయారు, స్టాంపుతోపాటు పోస్టాఫీసు ముద్ర కూడా పోయింది, ముద్రతో తారీఖు పోయింది. డైరీలు ఏడే కనిపించాయి. పద్దు పుస్తకాల్లో ఒకదాన్ని చెదలు మధ్యలోంచి అట్టదాకా తినేశాయి.

నేను ఆ అబ్బాయిని ఒక్క మాట అనలేదు. టికెట్లు చింపేది అతనే, తోటకు నీళ్లు పెట్టేది అతనే, కరెంటు పోతే జనరేటర్ వేసేది అతనే. వేరువేరు సైజుల కాగితాలు ఒకచోట ఉంటే సైజుల వారీగా పెట్టడం ఎవరికైనా తోచే పనే. కాగితాలను వచ్చిన వరస చెడగొట్టకుండా ఉంచాలని, ఆ వరస కూడా రాతలో భాగమేనని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆర్కైవ్స్ పని నేర్చుకున్నవాళ్లకు మొదటి రోజు చెప్పే పాఠం ఇది. మన చిన్న మ్యూజియాల్లో ఆ పాఠం నేర్చుకున్న మనిషి ఒక్కరైనా ఉండరు. రాతి విగ్రహం నడుము వంపు చూసి ఏ శతాబ్దమో చెప్పగలిగే వాళ్లు మీ శాఖల్లో ఉన్నారు, నాణేన్ని వేలి మీద తిప్పి ఏ రాజుదో చెప్పేవాళ్లు ఉన్నారు. పోస్టుకార్డు దగ్గరికి వచ్చేసరికి అది ఒక మూట.

ఎందుకిలా జరుగుతోందని ఈ ఐదారేళ్లూ ఊరికే ఉండలేక అక్కడా ఇక్కడా అడిగాను. నాకు అర్థమైంది ఇది. మ్యూజియం వాళ్లకు వస్తువు కావాలి, అంటే అద్దం వెనక పెడితే జనం చూసేది. ఉత్తరాన్ని అద్దం వెనక పెడితే ఒక పేజీయే కనిపిస్తుంది, మిగతాది చదవాలంటే కుర్చీ వేయాలి. ఆర్కైవ్స్ వాళ్ల ప్రధాన బాధ్యత ప్రభుత్వ రికార్డు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. నాకు వాటి మీద ఎంత గౌరవమో చెప్పలేను, కానీ బడిపంతులు డైరీ ప్రభుత్వ రికార్డు కాదు. ఇక రాతప్రతుల పథకాలు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం చేతిరాత కాగితం పురావస్తువు కావాలంటే డెబ్బై ఐదేళ్లు నిండాలి. 2025లో కేంద్రం మొదలుపెట్టిన జ్ఞానభారతం కొలత కూడా అదే డెబ్బై ఐదు. తాతయ్యకు 1960లో వచ్చిన కార్డు 2035 దాకా ఆగాలి. చెదలు ఆగవు.

అంటే ముగ్గురు పెద్దమనుషులున్న ఇంట్లో పిల్లకు అన్నం పెట్టేవాళ్లు లేనట్టు అయింది. ఒకరికి వస్తువు కాదు, ఒకరికి ప్రభుత్వానిది కాదు, ఒకరికి వయసు చాలదు.

మనకు ఈ పని తెలియక కాదు. తెలుగు నేల మీద ఇదివరకే జరిగింది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. మెకంజీ 1821లో చనిపోతే ఆయన భార్య దగ్గర కంపెనీ ప్రభుత్వం ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. ఏడేళ్లకే, 1828లో, విల్సన్ అనే ఇంగ్లిషు పండితుడు దాని జాబితా అచ్చు వేయించాడు. జాబితా ముందు, మిగతావన్నీ తర్వాత. ఆ సేకరణలో కొంత లండన్‌లో, కొంత మద్రాసులో చెల్లాచెదురైనా ఏది ఎక్కడుందో ఈ రోజుకీ వెతుక్కోగలుగుతున్నామంటే ఆ జాబితా పుణ్యమే. కాగితాలు చివికిపోతున్నాయని చూసి వాటికి నకళ్లు రాయించిన వాడు మన బ్రౌన్ దొర.

బ్రౌన్ అంటే మనకు నిఘంటువు, వేమన. కానీ నాకు ఆయనలో నచ్చే గుణం ఇంకొకటి, తనకు వచ్చిన జాబులు పారేయకపోవడం. పండితులు రాసినవీ, జీతం రాలేదని లేఖకులు మొరపెట్టుకున్నవీ, అన్నీ. వాటిలో కొన్ని సంపుటాలు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి. 1970ల్లో నెల్లూరు మనిషి బంగోరె, అదే బండి గోపాలరెడ్డి, అక్కడ కూర్చుని వాటిని తిరగేశాడు. ధరలు, తగాదాలు, ఊళ్ల పేర్లు, అప్పట్లో మనుషులు నిజంగా మాట్లాడిన తెలుగు, ఏ గ్రంథంలోనూ లేనివి ఆ జాబుల్లోంచి బయటికొచ్చాయి. నూట ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ అడగకపోయినా ఎవరో ఒకరు వాటిని చెత్తలో వేయకుండా ఉంచారు, అంతే జరిగింది. ఆ ‘ఎవరో ఒకరు’ పేరు ఎక్కడా ఉండదు. మీ దగ్గర ఉద్యోగం అదే.

ఇంకో సంగతి. మనిషి రాసిన ఉత్తరాలు ఆ మనిషి ఇంట్లో ఉండవు, అందుకున్నవాళ్ల ఇంట్లో ఉంటాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలకు తిరిగొచ్చాడు. దారి పొడుగునా చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపాడు. శ్రీనివాస పిళ్లె దాచాడు కాబట్టే 1838లో అవి పుస్తకమై మన చేతికొచ్చాయి. గాంధీగారి రచనల నూరు సంపుటాలు కూడా చాలావరకు అంతే, ఎవరెవరి ఇళ్లలోంచో ఉత్తరాలు అడిగి తెచ్చి, నకలు తీసుకుని, కూర్చినవి. కాబట్టి ఒక మహానుభావుడి పేరు మీదున్న మీ మ్యూజియంలో నిజంగా విలువైనవి, ఆయనకు మామూలు మనుషులు రాసిన ఉత్తరాలు. ఆయన రాసినవి ఆ మామూలు మనుషుల అటకల మీద ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే పని మ్యూజియమే చేయాలి. అటక ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఆ మామూలు ఉత్తరాల్లో ఏముంటుంది అంటారా? ‘ఉభయకుశలోపరి’ తర్వాత మూడు వరుసలు క్షేమం, రెండు వరుసలు వాన, ఒక వరుస డబ్బు. ఒప్పుకుంటాను. కానీ పై వరుస చూడండి. కొడుక్కి ‘చిరంజీవి’, ముత్తైదువకు ‘లక్ష్మీసమానురాలైన’, భర్త పోయినావిడకు ‘గంగాభాగీరథీ సమానురాలైన’. ఒకే ఆడమనిషికి వచ్చిన రెండు ఉత్తరాల్లో పిలుపు మారిపోతే మధ్యలో ఏం జరిగిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మా నాయనమ్మకు 1971 దాకా ఒకటి, ఆ తర్వాత ఒకటి. తర్వాతి దాన్ని ఆవిడ ఎప్పుడూ బయటికి చదివేది కాదు, రెండో వరుస నుంచి మొదలుపెట్టేది.

రసీదు సంగతికి వస్తాను. 1998లో మావాళ్లకు ఎవరూ రసీదు ఇవ్వలేదు, మావాళ్లూ అడగలేదు. పెద్దవాళ్లు కాఫీ తాగి, ఫొటో దిగి వచ్చేశారు. ఎవరిది తప్పంటే ఇద్దరిదీ. కానీ నాకు ఎప్పుడూ ఒకటి గుర్తొస్తుంటుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి ఆయుధాలు పట్టుకుపోయాడు. పట్టుకుపోతూ ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. దోచుకెళ్లినవాడు రసీదు రాశాడు. మనం ప్రేమగా ఇచ్చినవి తీసుకుని ‘ఒక మూట’ అని రాసుకున్నాం.

రసీదు ఒక్కటే చాలదు, షరతుల కాగితం కూడా ఉండాలి. ఇచ్చింది దానంగానా, దాచిపెట్టమనా? తిరిగి తీసుకోవచ్చా? ఎవరు చూడొచ్చు, ఎప్పటి నుంచి? ఇది చిన్న కుటుంబాల గొడవే అనుకోకండి. 2008లో నెహ్రూ కాగితాలు 51 పెట్టెలు ఢిల్లీ తీన్‌మూర్తిలోని నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయం నుంచి ఆయన కుటుంబానికి వెళ్లాయి. వాటిలో మన హైదరాబాద్ పద్మజా నాయుడు ఉత్తరాలు కూడా ఉన్నాయని పత్రికలు రాశాయి. 2024 నుంచి వాటిని వెనక్కివ్వమని లేఖలు, 2025లో పార్లమెంటులో ప్రశ్నలు. ఎవరి వాదన వాళ్లది, ఆ రాజకీయం జోలికి నేను పోను. అంత పెద్ద సంస్థ దగ్గరే ‘ఇవి ఎవరివి’ అన్న మాట ఇంతదూరం వచ్చిందంటే, మెట్ల కింద రేకు పెట్టెల సంగతి ఏం చెప్పాలి.

కుటుంబాల భయం కూడా మీరు అర్థం చేసుకోవాలి. ఇచ్చే ముందు రోజు రాత్రి మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. కొన్ని ఉత్తరాలు తీసేద్దామని బాబాయి. ఒక చుట్టం అప్పు ఎగ్గొట్టిన సంగతి, ఇంకొకాయన రెండో సంసారం సంగతి వాటిలో ఉన్నాయి, వాళ్ల పిల్లలు మన కళ్ల ముందే తిరుగుతున్నారు అన్నాడు. ఏమీ తీయకూడదని నాన్న. ఇద్దరిదీ న్యాయమే. ‘ఈ కట్ట మీద ముప్ఫై ఏళ్ల దాకా తాళం, తర్వాతే తెరుస్తాం’ అని ఒక కాగితం ఉంటుందని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే వాదనే ఉండేది కాదు. ప్రపంచంలో చాలా ఆర్కైవ్స్ ఇలాగే చేస్తాయి. చివరికి బాబాయి కొన్ని తీశాడని నా అనుమానం. ఆయన ఇప్పుడు లేడు, అడగలేను.

చూడ్డానికి వచ్చినవాళ్లను ‘కాపీరైట్ ఉంటుందమ్మా’ అని వెనక్కి పంపే సంస్థలు కూడా ఉన్నాయి. నాకూ ఒకచోట అదే మాట చెప్పారు. ఉత్తరం మీద హక్కు అందుకున్నవాళ్లది కాదు, రాసినవాళ్లది. వాళ్లు పోయాక అది వారసులకు వెళ్తుంది. నిజమే. కానీ ఆ చట్టంలోనే ఇంకో వెసులుబాటు ఉంది. జనం వెళ్లగలిగే గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అచ్చుకాని రచనను, రాసినవాళ్లు పోయి అరవై ఏళ్లు దాటితే, పరిశోధనకు గానీ అచ్చుకు గానీ నకలు తీసుకోవచ్చు. 1919లో పోయిన వీరేశలింగంగారి కాగితమైనా, 1940లో పోయిన గిడుగువారి కాగితమైనా కాపీరైట్ పేరు చెప్పి బీరువా మూయడానికి వీల్లేదు. ఇక చదువుకోవడానికి, సొంత చదువు కోసం చేత్తో ఎత్తిరాసుకోవడానికి ఏ కాపీరైటూ అడ్డు రాదు.

స్కానింగ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఈ మధ్య ఎవరిని అడిగినా ‘డిజిటైజ్ చేస్తున్నాం’ అనే జవాబు వస్తోంది. సంతోషం. ఒక సంస్థలో హార్డ్‌డిస్క్ చూపించారు కూడా. తెరిస్తే ఐఎమ్‌జీ 0001 నుంచి ఐఎమ్‌జీ 4000 చిల్లర దాకా ఫొటోలు. ఏది ఎవరి ఉత్తరమో, ఏ కట్టలోదో, వెనక పేజీ ఏదో తెలియదు. మూట అలాగే ఉంది, గుడ్డ బదులు ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. పైగా స్కానర్ మీద చదునుగా ఉండాలని కుట్టు విప్పేశారు. స్కానింగ్‌కు డబ్బు వచ్చేదాకా ఆగి, వచ్చాక కంగారుగా చేసేకన్నా, ఇవాళే ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిల్ తీసుకుని జాబితా మొదలుపెట్టడం నయం. పెన్సిల్ అని ఎందుకంటున్నానంటే, పాత కాగితాల దగ్గర ఇంకు పెన్ను వాడకూడదు.

జాబితా అంటే ఏమీ లేదు. ‘డైరీ, 1942, నీలి అట్ట, చివరి కొన్ని పేజీలు చిరిగాయి. తెలుగు, అక్కడక్కడ ఇంగ్లిషు. గ్రంథాలయం, జైలు, వానలు.’ ఇంతే. ఒక మనిషి రోజుకు ఇలాంటివి ఎన్నో రాయొచ్చు. దాన్ని రిజిస్టర్‌లో దాచకుండా బయట గోడకు అంటించండి, వెబ్‌సైట్ ఉంటే అందులో పెట్టండి, తెలుగులో పెట్టండి. ఉందని తెలిస్తేనే కదా ఎవరైనా వచ్చేది, ఎవరైనా వస్తుంటేనే కదా పెట్టె మెట్ల కింది నుంచి గదిలోకి వచ్చేది.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి, అందులో కొన్ని నేనే మా ఇంట్లో చేసి ఏడ్చాను. చిరిగిన చోట సెల్లోటేపు వేస్తే నాలుగైదేళ్లకు గోధుమరంగు మరక, ఆ మరక కింద అక్షరం పోతుంది. జిరాక్స్ షాపులో లామినేషన్ చేయిస్తే ఇక ఆ కాగితాన్ని బతికించలేం. గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి, నూలుదారం చాలు. కలరా ఉండలు చెదల్ని ఆపవు. పెట్టెను నేలకు, గోడకు ఆనించకుండా జానెడు ఎత్తులో పెడితే సగం గండం తప్పినట్టే. నేల మీద పెట్టడం ఎంత ప్రమాదమో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో ఇల్లున్న ఎవరిని అడిగినా చెబుతారు. బీరువాల్లో అడుగు అరలన్నీ బురదే. ఇక ప్రదర్శనకు అసలు ఉత్తరం వద్దు. కిటికీ వెలుగులో ఇంకు ఎగిరిపోతుంది. మంచి నకలు పెట్టి, అది నకలని రాయండి. జనం ఏమీ అనుకోరు.

ఎవరి కాగితాలు దాస్తున్నాం అన్నది కూడా కాస్త ఆలోచించండి. ఉద్యమ నాయకులు, కవులు, వకీళ్లు, జమీందార్లు. మంచిదే. ఒంగోలు ప్రాంతపు మాదిగల చరిత్ర రాయాలనుకునేవాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో తెలుసా? అట్లాంటాకు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని పెట్టించి వేలమందికి కూలి ఇప్పించిన జాన్ క్లౌ లాంటి మిషనరీలు ఇంటికీ మిషన్‌కూ ఉత్తరాలు, నివేదికలు రాశారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న లెక్కతో సహా వాళ్ల మిషన్ కాగితాలను అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ అక్కడ భద్రంగా ఉంచింది. ఆ 2,222 మంది మనుమలు, మునిమనుమల ఇళ్లలో కూడా పాత బైబిళ్లు ఉంటాయి, వాటి మొదటి పేజీల్లో పుట్టుకలు, చావులు రాసి ఉంటాయి. అవి అడగడానికి ఏ మ్యూజియం బండైనా వెళ్లిందా?

ఆడవాళ్ల సంగతి మరీను. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల కథ రాయాలని 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు టేప్‌రికార్డర్ పట్టుకుని ఊళ్లకు వెళ్లాల్సి వచ్చింది. కాగితం మీద వాళ్లు అంత తక్కువగా ఉన్నారు. అప్పటికి ఆ అమ్మలు బతికున్నారు కాబట్టి సరిపోయింది. పాలవాడి లెక్క, చిట్టీ లెక్క, కాన్పు ఖర్చులు రాసుకున్న పద్దు పుస్తకాలు మీ దగ్గరికి తెస్తే దయచేసి ‘ఇవేం చేసుకుంటామమ్మా’ అనకండి. ఆ మాట నేను విన్నాను. నాయనమ్మ పుస్తకం పట్టుకుని బస్సెక్కి వెనక్కి వచ్చేశాను.

మీరు ఇంతదాకా చదివి ఉంటే, అడగాల్సింది అడిగేస్తాను. మీ రిజిస్టర్లు తీయండి. ‘ఒక మూట’, ‘ఒక కట్ట’, ‘ఇతర కాగితాలు’, ‘మిసిలేనియస్’ అని ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. వచ్చే సంవత్సరంలో వాటిలో సగమైనా విప్పి, వరస చెదరకుండా, ఏముందో రాయించండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటుంది, చరిత్ర పిల్లలుంటారు, తెలుగు ఎంఏ పిల్లలుంటారు. రిటైరైన మాలాంటి వాళ్లం ఊళ్లో పదిమందిమి ఉంటాం. పాత దస్తూరీ, గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు ఇంకా కొద్దిమంది మిగిలారు, వాళ్లలో చాలామందికి ఎనభై దాటాయి. టీ ఇప్పిస్తే చాలు, వచ్చి కూర్చుంటాం. ఇచ్చిన కుటుంబాలకు ఒక కార్డు రాయండి, మీవాళ్ల కాగితాలు ఇవీ, ఇలా ఉన్నాయి అని. పాడైపోయి ఉంటే పాడైపోయాయనే రాయండి. మేం కేసులు వేయం.

మా ఇంట్లో ఇంకో తీగ ఉంది. నాయనమ్మది, వంటింటి గోడకు ఉండేది. ఆవిడకు అక్కచెల్లెళ్లు రాసినవి, పెళ్లయి వెళ్లిన కూతురు రాసినవి, పసుపు పూసిన శుభలేఖలు రెండు, వీటి మధ్యలో కిరోసిన్ కూపన్లు. మొత్తం 214. తీగ మీద నుంచి ఒక్కటీ తీయకుండా, ఒక్కొక్కటి కిందికి జరిపి చదువుతూ, కింది నుంచి పైకి నంబర్లు వేసి జాబితా రాశాను. రెండు నెలలు పట్టింది. 87వది ఎవరు రాశారో ఇంకా తేలలేదు. సంతకం చోట ‘నీ’ అని మాత్రమే ఉంది.

ఇది ఇంట్లో ఉంటే నా తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. ఎక్కడైనా ఇద్దామనే ఉంది. మీలో ఎవరి రిజిస్టర్‌లో 214 వరుసలకు చోటుందో వాళ్లు ఒక కార్డు ముక్క రాయండి. తీగతో సహా తెచ్చి ఇస్తాను. రసీదు మాత్రం తీసుకునే వెళ్తాను.

ఇట్లు,
ఒక బడిపంతులు మనవరాలు,
బాపట్ల